రత్నప్రభ చెయ్యి

మ్యూజియం మనుషులు చెక్కపెట్టె మేకులు పీకి, లోపలి పటాన్ని స్టాండు మీద నిలబెట్టి వెళ్లిపోయారు. సౌదామిని ల్యాబ్ తలుపు గడియ పెట్టింది. అప్పటిదాకా ఆమె పటం వైపు చూడలేదు. ఇప్పుడు వెళ్లి దాని ఎదురుగా నిలబడింది.

నీలం చీరలో ఒక యువతి పేము కుర్చీలో కూర్చుని ఉంది. కుర్చీ ఒక పక్కకి ఒరిగినట్టుంది, ఆమె మాత్రం నిటారుగా ఉంది. బుగ్గ మీద నీడ పడాల్సిన చోట ఆకుపచ్చ, మెడ కింద ఊదా, వెనక గోడంతా మండిపోతున్న పసుపు. రంగు ఎంత మందంగా ఉందంటే, పక్కనుంచి చూస్తే కుంచె వెంట్రుకలు గీసిన చాళ్లు కనబడతాయి. కుడి చెయ్యి ఒడిలో ఉంది. ఎడమ చేతిలో నారింజ పండు. కళ్లు సూటిగా ఎదుటివాళ్ల మీదే ఉన్నాయి. అందంగా కనబడదామని కూర్చున్న మనిషి చూపు కాదది. కొలత తీసుకుంటున్న మనిషి చూపు.

భావరాజు చక్రధర్ ‘కూర్చున్న స్త్రీ’. ఢిల్లీలో పెద్ద బహుమతి తెచ్చుకున్న బొమ్మ. క్యాలెండర్ల మీదా, పుస్తకాల అట్టల మీదా అందరూ చూసిన బొమ్మ. అందులో ఉన్నది సౌదామిని తల్లి రత్నప్రభ.

రత్నప్రభకు కుడి చెంప మీద పుట్టుమచ్చ ఉండేది. పటంలో అది ఎడమ చెంప మీద ఉంది.

“అద్దంలో చూసుకుని వేశానే. అందుకే అటుది ఇటొచ్చింది” అనేది తల్లి.

ఆ మాట నమ్మింది సౌదామిని ఒక్కతే.

రత్నప్రభ భీమిలిలో ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరు. పెళ్లికి ముందు విశాఖపట్నంలో చిత్రకళ నేర్చుకుంది. అక్కడ పాఠం చెప్పినవాడే చక్రధర్. ఆయన పారిస్‌లో ఉండి వచ్చాడు. ఆమె మాత్రం పోస్ట్ ఇంప్రెషనిస్టుల బొమ్మల్ని లైబ్రరీలో ఒక పాత రంగుల పుస్తకంలో తప్ప చూడలేదు. కంటికి కనబడే రంగు కాకుండా మనసుకి తగిలే రంగు వేసినవాళ్లు వాళ్లు. ఆ పుస్తకం మూసేసి కూడా ఆ బొమ్మలు చూడగలిగేదాన్ననేది. పెళ్లయ్యాక, నూనె రంగుల వాసన మొగుడికి పడక, ఆదివారాలు చక్రధర్ స్టూడియోలో ఒక మూల బొమ్మ వేసుకునేది. చంటిపిల్ల సౌదామినిని చాప మీద పడుకోబెట్టేది.

బొమ్మకు బహుమతి వచ్చినప్పుడు పత్రికల్లో ఫొటో పడింది. కింద చక్రధర్ పేరుంది. ఊరివాళ్లు ముఖం గుర్తుపట్టారు. బడి పెద్దలు పిలిచి, ఒక ఆడ టీచరు పరాయి మగాడి ముందు అలా బొమ్మకి కూర్చోవడమేమిటని అడిగారు.

“ఆయన ముందు కూర్చోలేదండీ. ఆ బొమ్మ నేనే వేశాను” అంది రత్నప్రభ.

వాళ్లు నవ్వారు. పారిస్ చూసొచ్చినవాడు ఆయన, విశాఖపట్నం దాటనిది ఈవిడ. ఉద్యోగం పోయింది. ఆ ఏడు తిరక్కుండా మొగుడు వేరే కాపురం పెట్టాడు. రత్నప్రభ జాకెట్లు కుట్టి కూతుర్ని చదివించింది. ఆ తర్వాత కుంచె ఒక్కసారే పట్టుకుంది. సౌదామిని హాస్టలుకు వెళ్తుంటే, రేకు పెట్టె మూత మీద ఎనామిల్ పెయింటుతో మందార కొమ్మ వేసింది.

“తిట్టినా బాగుండునే. నవ్వారు” అనేది అప్పుడప్పుడు, పొయ్యి మీంచి కూర గిన్నె దించుతూ.

ఆమె ఆరేళ్ల కిందట పోయింది. బతికుండగా పటం దగ్గరికి చేరలేకపోయానే అన్న కోపం సౌదామినికి ఆరనే లేదు. భౌతికశాస్త్రం చదివినా, ల్యాబ్ పెట్టినా, పాత కుడ్యచిత్రాల్ని కాపాడే పరిశోధన అని పేరు పెట్టి నిధులు తెచ్చుకున్నా, ఆమె తయారుచేసిన యంత్రం అసలు పుట్టింది ఆ నవ్వులోంచే. ఈ సంగతి ఆమెతోపాటు ల్యాబ్ నడిపే భర్త ఫణీంద్రకు కూడా తెలియదు.

మర్నాడు యంత్రం పని మొదలుపెట్టింది. లేజర్ కిరణం పటం మీద పాకుతుంటే, పక్కన తెర మీద గీతలతో కట్టిన ఒక చెయ్యి కదులుతోంది. ఎండిపోయిన రంగులో ప్రతి చాలుకీ ఒక లోతు, ఒక వాలు ఉంటాయి. కుంచె ఎక్కడ ఆనింది, ఎంత నొక్కింది, ఎంత వేగంగా లేచింది అన్నది వాటిలోనే ఉంటుంది. అది దొరికితే మణికట్టు ఎంత తిరిగిందో, వేళ్లు ఎంత బిగిశాయో యంత్రం లెక్కకట్టి, చేతి కదలికగా తిరిగి చూపిస్తుంది. వాళ్లు దానికి ‘జాడ’ అని పేరు పెట్టుకున్నారు.

“ఈ చేతికి భయం లేదు” అన్నాడు ఫణీంద్ర తెర చూస్తూ. “ఒక్క గీత దిద్దలేదు చూడు. బుగ్గ మీద ఆ ఆకుపచ్చ ఒక్క ఊపులో పెట్టేసింది.”

కిరణం నారింజ పండు మీదికి వచ్చింది. తెర మీద చెయ్యి ఒక్కసారి తడబడ్డట్టయింది. గీతలు పొట్టివై, బరువెక్కి, ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

“అరే. ఇక్కడ చెయ్యి మారిందే.”

“ఎక్స్ రే పెట్టు” అంది సౌదామిని.

పండు కింద పొర మెల్లగా తేలింది. అక్కడ నారింజ లేదు. పిడికిట్లో పట్టుకున్న కుంచె ఉంది. మూలన చక్రధర్ సంతకం కింద ఇంకో పొరలో రెండు తెలుగు అక్షరాలున్నాయి. ‘రత్న’.

ఫణీంద్ర కుర్చీ వెనక్కి జరిపి భార్య ముఖంలోకి చూశాడు. ఆమె బల్ల కింద ఉన్న రేకు పెట్టె తీసి యంత్రం కింద పెట్టింది. మందార కొమ్మ మీద కిరణం పాకడం పూర్తయ్యేసరికి తెర మీద రెండు చేతులు పక్కపక్కనే కదులుతున్నాయి. రెండూ ఒకటే.

“ఈ పెట్టె అత్తయ్యది కదూ?” అన్నాడు ఫణీంద్ర. తనకి తెలిసిన అత్తగారు కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని గుండీలు కుట్టే మనిషి. “పటంలో ఉన్నది కూడా…”

“మా అమ్మే. వేసింది కూడా అమ్మే.”

ఆమె అంతా చెప్పింది. ఫణీంద్ర తెర మీద రెండు చేతుల్నీ ఇంకోసారి చూశాడు. ఆ తర్వాత, “ఇంకేం కావాలి? రేపే ప్రకటిద్దాం” అన్నాడు.

“ప్రకటిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నిపుణుల కమిటీ వేస్తారు. కూతురే కట్టిన యంత్రం, కూతురే తీసిన లెక్క అంటారు. మళ్లీ నవ్వుతారు.” సౌదామిని పెట్టె మూత మీద అరచెయ్యి ఆనించింది. “నా యంత్రం చెప్పకూడదు. ఆయన చెయ్యే చెప్పాలి. అందరి ముందూ.”

ఆ మాటకి అర్థం ఫణీంద్రకి వెంటనే తెలిసింది. ఎందుకంటే ల్యాబ్‌లో ‘జాడ’తో పాటు ఇంకో వస్తువు ఉంది. అది అతను చేసిన గ్లవ్. భుజం దాకా ఉంటుంది. లోపల సన్నటి కృత్రిమ కండరాలు ఉంటాయి. యంత్రం చదివిన చేతిని ఆ గ్లవ్‌లోకి పంపిస్తే, తొడుక్కున్నవాళ్ల చెయ్యి అచ్చం అలాగే కదులుతుంది. పాడైపోయిన కుడ్యచిత్రాలు దిద్దేవాళ్లకి సాయంగా ఉంటుందని చేశారు. కిందటేడు ఒక పాత దివాణం గోడ మీద బొమ్మలు వేసిన చిత్రకారుడి చేతిని ఫణీంద్ర సరదాగా ఓ పూటంతా తొడుక్కున్నాడు. తీసేశాక కూడా ఆ చెయ్యి వదల్లేదు. ఎన్నో వారాలపాటు అతను అన్నం కలిపే తీరు మారిపోయింది. ముద్దని మూడు వేళ్లతో తిప్పి, చివర చిన్నగా అదిమేవాడు. తన సంతకం తనకే రాలేదు. భోజనాల బల్ల దగ్గర సౌదామిని ఆ చేతిని చూసి, ఎవరో చచ్చిపోయిన మనిషి తమతో కూర్చుని తింటున్నాడని భయపడింది. అది మెల్లగా సన్నగిల్లి పోయింది. అప్పట్నించి ఎవరూ పావుగంట మించి తొడుక్కోకూడదని నియమం పెట్టుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఫణీంద్ర భోజనానికి వెళ్లినప్పుడు సౌదామిని తల్లి చేతిని గ్లవ్‌లోకి పంపించి తొడుక్కుంది.

మణికట్టు తనంతట తను తిరిగింది. బొటనవేలు కుంచె మీద కొద్దిగా పైకి జరిగింది. జడ వేసేటప్పుడు పాయ బిగించి లాగే పట్టు అది. చిన్నప్పుడు నెత్తి మీద ఎన్నివేలసార్లు తెలిసిన పట్టో. సౌదామిని కళ్లు మూసుకుని ఏడ్చింది. తర్వాత ఎదురుగా కాగితం మీద తల్లి ముఖం వేయడానికి ప్రయత్నించింది. గీతలు అద్భుతంగా పడ్డాయి, కానీ ముఖం కాలేదు. ఎక్కడేం పెట్టాలో చూసే కన్ను ఆమెకు లేదు. చెయ్యి వచ్చింది, చూపు రాలేదు. ఆమె గ్లవ్ తీసేసి ఆ కాగితాన్ని చింపేసింది.

చక్రధర్ తనే వచ్చాడు. ఎనభై దాటాయి. తెల్ల పైజామా లాల్చీ, వెనక్కి దువ్విన జుట్టు. ఆయన జీవితకాలపు చిత్రాలతో మ్యూజియం పెద్ద ప్రదర్శన పెడుతోంది. దానికోసమే ఆ పటాన్ని స్కాన్ చేయించమని ల్యాబ్‌కు పంపింది. ఆ బొమ్మ వద్దు, వేరేది పంపండని ఆయన అన్నాడట. అందరికీ తెలిసిన బొమ్మ అదే కదా అని మ్యూజియం వాళ్లు వినలేదట.

“ఏం చూశారమ్మా నా పటంలో?” అన్నాడు కూర్చుంటూ. గొంతు తేలిగ్గా ఉంది. కుడి చెయ్యి మాత్రం ఒళ్లో గడగడా వణుకుతోంది. దాన్ని ఎడమ చేత్తో పట్టుకున్నాడు.

“ఇంకా చూస్తున్నామండీ.”

“నాకీ జబ్బు వచ్చి ఆరేడేళ్లయింది. కుంచె పట్టుకుంటే గోడకి సున్నం కొట్టినట్టే. పేరుకి నా బొమ్మలు, వేసేది కుర్రాళ్లు.” అసలు మాటకి వచ్చాడు. “మీ దగ్గరేదో గ్లవ్ ఉందట. అది తొడుక్కుంటే వణుకు ఆగుతుందని విన్నాను.”

“ఆగుతుంది. వాడగా వాడగా గ్లవ్ తీసేశాక కూడా చెయ్యి స్థిరంగా ఉంటుంది.”

“మరి నాకు వేస్తారా? ప్రదర్శన రోజున అందరి ముందూ ఒక్క బొమ్మ వెయ్యాలమ్మా. చచ్చేలోగా ఒక్కటి.”

“వేస్తానండీ.”

“ఏ చెయ్యి వేస్తారు?”

సౌదామిని ఆయన కళ్లలోకి చూసింది. “మీదే. ‘కూర్చున్న స్త్రీ’ వేసిన చెయ్యి.”

చక్రధర్ ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కానీ దాని వెనక ఏదో కదిలింది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. ఔనంటే ఆ చేతిలోకి దూరాలి. గది అవతల స్టాండు మీద నీలం చీర మనిషి ఆయన్నే చూస్తోంది. కొంచెంసేపటికి ఆయన లాల్చీ చెయ్యి భుజం దాకా మడిచి, వణుకుతున్న చేతిని ముందుకు చాపాడు.

సౌదామిని గ్లవ్ బిగించి మీట నొక్కింది. వణుకు, ఎవరో అరిచి ఆపినట్టు, ఆగిపోయింది. ఎదురుగా కాన్వాసు మీద ఆ చెయ్యి పసుపు ముంచి ఒక్క ఊపులో గోడ లేపింది. చక్రధర్ నోరు తెరుచుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఇలా ఉంటుందా!” అన్నాడు.

ఆ ఒక్క మాటే సౌదామినికి చాలు, నేరం ఒప్పుకున్నట్టే. ఆఖరున ఆ చెయ్యి కుడి మూలకి వెళ్లి రెండు చిన్న అక్షరాలు రాసింది. చక్రధర్ ముఖం పాలిపోయింది. ఆమె చూడనట్టే ఉంది. ఆయన అడగనట్టే ఉన్నాడు. రేపు మళ్లీ ఎప్పుడు రమ్మంటారని మాత్రం అడిగాడు.

రోజూ వచ్చాడు. ఆమె పావుగంట నియమం గాలికి వదిలేసింది. తల్లి చేతి కదలికలన్నీ మొదట్నించి చివరిదాకా, ప్రతిసారీ ఆ రెండు అక్షరాలతో ముగిసేలా, ఆయన నరాల్లోకి పంపించింది. ఆయన మానేయొచ్చు. మానలేదు. సంతకం దగ్గరికి రాగానే ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని లాగేసేవాడు. అలా ఆపుకోవడం సాధన చేస్తున్నాడని ఆమెకి అర్థమైంది.

ఒకరోజు ఫణీంద్ర ముందుగా వచ్చి, గ్లవ్‌లో పూటంతా ఉన్న ఆ ముసలాయన్ని చూశాడు. ఆయన వెళ్లేదాకా ఆగి అన్నాడు.

“ఇది వైద్యం కాదు, దామినీ.”

“కాదు.”

“ఆయన సొంత చెయ్యి పోతోంది. ఇప్పటికే కాఫీ గ్లాసు అత్తయ్య పట్టుకున్నట్టు పట్టుకుంటున్నాడు. నేను చూశాను.”

“ఆయన మా అమ్మ బతుకు తీసుకున్నాడు. నేను చెయ్యి తీసుకుంటున్నాను. ఎక్కువేం కాదు.”

“గ్లవ్ చేసింది నేను. ఎవరికైనా పనికొస్తుందని చేశాను. ఇలా మనిషిని లోపల్నించి ఖాళీ చెయ్యడానికి కాదు.”

“నీకు నచ్చకపోతే ఆపెయ్. నీ వస్తువు నువ్వు పట్టుకుపో.”

అతను పట్టుకుపోలేదు. అత్తగారు తనకి కుట్టి ఇచ్చిన చొక్కా ఇంకా బీరువాలో ఉంది. దాన్ని తలుచుకుని నోరు మూసుకున్నాడు. కానీ ఆ రోజునుంచి వాళ్లిద్దరూ ఇంట్లో అవసరానికి మించి మాట్లాడుకోలేదు.

ప్రదర్శన రోజు సాయంత్రం మ్యూజియం హాలు కిటకిటలాడింది. మధ్యలో ‘కూర్చున్న స్త్రీ’ని వేలాడదీశారు. దాని పక్కనే వేదిక మీద ఖాళీ కాన్వాసు. చక్రధర్ గ్లవ్ లేకుండా వచ్చి నిలబడ్డాడు. చెయ్యి వణకడం లేదు. ఆ సంగతి చూసే జనం సగం మంది చప్పట్లు కొట్టారు. సౌదామిని మూడో వరసలో కూర్చుంది. ఫణీంద్ర వెనక గోడ దగ్గర నిలబడ్డాడు.

ఆయన సముద్రం ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ముసలమ్మను వేశాడు. గీతలు ఎక్కడా ఆగలేదు. ఇసుక ఊదారంగులో, చీర నిప్పులా. కడపటి గీత పెట్టి, ఆయన చటుక్కున కుంచె కింద పెట్టేశాడు. లేచి నిలబడి అందరూ చప్పట్లు కొట్టారు. చక్రధర్ ముఖం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగిపోతోంది.

ముఖ్య అతిథి మైకు తీసుకున్నాడు. “మాస్టారూ, సంతకం మరిచిపోయారు!”

“తర్వాత చేస్తాలెండి.”

“అదెలా కుదురుతుంది? మా ముందే చెయ్యాలి” అని ఆయనే కుంచె తీసి చక్రధర్ చేతిలో పెట్టాడు. హాలంతా సంతకం, సంతకం అని అరిచింది.

చక్రధర్ కాన్వాసు దగ్గరికి వెళ్లాడు. ‘చ’ అని మొదలుపెట్టబోయాడు. కుంచె కొస కాన్వాసుకి తాకగానే మణికట్టు తిరిగింది. ఎడమ చేత్తో పట్టుకున్నాడు. చాలా గట్టిగా పట్టుకున్నాడు. కానీ ఆ చెయ్యి ఇన్నాళ్లూ ఆయన్ని ఎదిరించడం కూడా నేర్చుకుంది. నల్లరంగుతో, అందరికీ కనబడేంత పెద్దగా, ‘రత్న’ అని రాసింది.

“అలవాటులో… ఏదో…” అన్నాడు మైకులో.

సౌదామిని లేచి నిలబడింది. “అలవాటు కాదండీ. ఆ చెయ్యి రత్నప్రభది. నేను ఆవిడ కూతుర్ని.”

ఆమె వేదిక మీదికి వెళ్లి, సిద్ధంగా ఉంచుకున్న ఎక్స్ రే చిత్రాన్ని తెర మీద వేయించింది. నారింజ పండు చెదిరిపోయి పిడికిట్లో కుంచె కనబడింది. చక్రధర్ సంతకం కింద అవే రెండు అక్షరాలు. ఆ పక్కనే ఇప్పుడే తడిగా రాసిన అక్షరాలు. రెండూ ఒకటేనని చెప్పడానికి యంత్రం అక్కర్లేదు, కళ్లు చాలు.

తర్వాత వెనక వరసల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు అంటుకుని హాలంతా పాకింది. చక్రధర్ ఎవరి వైపు చూడాలో తెలియక తన చేతికేసి చూసుకున్నాడు. సౌదామిని ఆ నవ్వు ఆగిపోయేదాకా అక్కడే నిలబడి వింది. ఎన్నో ఏళ్లుగా దానికోసమే ఎదురుచూసింది. తియ్యగానే ఉంది.

మ్యూజియం పటం కింద పేరు మార్చింది. పత్రికలు రాశాయి. భీమిలి బడివాళ్లు సన్మానం చేస్తామని కబురు పెట్టారు. ఆమె వెళ్లలేదు. చక్రధర్ తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చున్నాడని, ఎవరినీ కలవడం లేదని చెప్పుకున్నారు. అవమానంతో కుళ్లిపోతున్నాడని ఆమె అనుకుంది. ఆ ఊహతో కొన్నాళ్లు హాయిగా నిద్రపోయింది.

ఒక ఉదయం ఆయన మళ్లీ ల్యాబ్‌కు వచ్చాడు. వెనక డ్రైవరు గుడ్డ కప్పిన ఒక పెద్ద కాన్వాసు మోసుకొచ్చి గోడకి ఆనించి వెళ్లిపోయాడు. ఫణీంద్ర పనిచేస్తున్న చోటినుంచి తలెత్తి చూశాడు.

ఆమె ఊహించినట్టు లేడు ముసలాయన. చిక్కిపోయాడు గానీ కళ్లు మెరుస్తున్నాయి. గోళ్లనిండా రంగు. చెయ్యి సన్నగా వణకడం మళ్లీ మొదలైంది.

“తిట్లు పడదామని రాలేదమ్మా. పడ్డాను, సరిపోయింది” అన్నాడు కూర్చోకుండానే. “జరిగింది చెప్తాను విను. మీ అమ్మ ఆ బొమ్మని నా స్టూడియోలో ఆరబెట్టుకుంది. ఢిల్లీవాళ్లు నా బొమ్మలు చూడ్డానికొచ్చి దాని ముందు ఆగిపోయారు. ఎవరు వేశారని అడగలేదు. ఇంత గొప్పగా ఎప్పుడు వేశారండీ అన్నారు. నేను కాదనలేదు. చేతిలో కుంచె ఉంటే తెలిసిపోతుందని పండు పెట్టాను. ఆ అమ్మాయి వచ్చి అడిగితే, చెప్పుకో పో, ఎవరు నమ్ముతారన్నాను.”

“ఇప్పుడెందుకు చెప్తున్నారు?” అంది సౌదామిని.

“ఆ తర్వాత జీవితమంతా ఆ చెయ్యి కోసం ఏడ్చాను గనక. అందరూ ఆ బొమ్మలాంటిదే ఇంకోటి వెయ్యమనేవారు. రాదు. పొద్దున్న లేస్తే ఆ చెయ్యి నాది కాదని తెలుసు. నువ్వు నన్ను శిక్షిద్దామని ఇచ్చావు. పేరు పోయింది, పోనీ. ఇన్నాళ్లూ తెల్లారినప్పట్నించి పొద్దుగూకేదాకా వేశాను. నా బతుకులో ఇంత సుఖం నేనెరగను.”

సౌదామినికి ఒళ్లు మండిపోయింది. తను తల్లికి తెచ్చిపెట్టిన న్యాయం ఈ మనిషి చేతిలో వరంగా మారింది. ఇన్ని రోజులూ తను హాయిగా నిద్రపోతుంటే, ఇతను అమ్మ చేత్తో ఆనందంగా రంగులు కలుపుకుంటున్నాడు.

“చెయ్యి తగ్గిపోతోంది” అన్నాడు చక్రధర్. “రోజుకింత జారిపోతోంది. ఇంకొక్కసారి గ్లవ్ వెయ్యి. నాకోసం కాదు. ఇది చూడు.”

కాన్వాసు మీద గుడ్డ తీశాడు.

చాప మీద ఒక స్త్రీ కూర్చుని ఉంది. రత్నప్రభే. కానీ పటంలోని నిటారు మనిషి కాదు. జుట్టు ముడి జారి, మెడ వంచి, పనిలో మునిగిన వేళ్లకి రంగు అంటుకుని, ఒడిలో పిల్లను పెట్టుకుని ఉంది. కిటికీలోంచి వచ్చిన ఎండ ఆమె భుజం మీద గులాబీ రంగులో విరిగింది. నోటి చివర, కూతురికి తప్ప ఎవరికీ తెలియదనుకున్న చిన్న వంపు. సౌదామినికి తల్లి ఆ వయసులో ఎలా ఉండేదో తెలియదు. ఇంట్లో ఒక్క ఫొటో మిగల్లేదు. తండ్రి వెళ్తూ వెళ్తూ అన్నీ చింపేశాడు.

పాప చెయ్యి తల్లి కొంగు పట్టుకుని ఉంది. పాపకి ముఖం లేదు. అక్కడ కాన్వాసు తెల్లగా ఉంది.

“ఆదివారాలు అలా కూర్చునేది, మధ్యలో పని ఆపి నీకు పాలు పట్టేటప్పుడు” అన్నాడు చక్రధర్. “ఆ రోజుల్లో ఆమెను చూసినవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలాను. కళ్లు నావి, చెయ్యి ఆమెది. రెండూ కలిస్తే తప్ప ఈ బొమ్మ రాదు. నీ ముఖం దాకా వచ్చాక చెయ్యి జారిపోయింది. నాలుగు రోజులు ఇవ్వు. పూర్తిచేసి నీకే ఇచ్చేస్తాను.”

ఫణీంద్ర లేచి వచ్చి బొమ్మ ముందు నిలబడ్డాడు. “దామినీ” అన్నాడు మెల్లగా.

ఆమె బొమ్మ మీంచి కళ్లు తిప్పుకోలేకపోయింది. తల్లి తనని ఎలా చూసేదో ఆ ముఖంలో ఉంది. తను తల్లివైపు ఎలా చూసేదో మాత్రం లేదు. నాలుగు రోజులు. గ్లవ్ అల్మరాలోనే ఉంది. తాళం తన చేతి సంచిలోనే ఉంది.

తర్వాత చక్రధర్ వైపు చూసింది. ఆయన అప్పటికే లాల్చీ చెయ్యి మడుచుకుంటున్నాడు. పెదాల మీద, ఆకలిమీద ఉన్నవాడికి విస్తరి కనబడినప్పటి తడి ఉంది.

“ఆ చెయ్యి మళ్లీ మీకివ్వను” అంది.

“నామీద కోపంతో మీ అమ్మ బొమ్మ పాడుచేసుకుంటావా?”

“ఔను.”

“నేను పోతే ఈ జ్ఞాపకం ఇంకెవరి దగ్గరా లేదు. పిచ్చిపని చెయ్యకమ్మా.”

“మీరు వెళ్లొచ్చు.”

ఆయన బతిమాలాడు. ఆమె పాదాలకేసి వంగబోయాడు. ఆమె వెనక్కి జరిగింది. చివరికి ఆయన బొమ్మను అక్కడే వదిలేసి తలుపు దగ్గరికి వెళ్లాడు. వణికే వేళ్లకి గడియ అందడం లేదు. రెండుసార్లు జారింది. సౌదామిని కదల్లేదు. ఫణీంద్రే వెళ్లి తలుపు తీశాడు. మెట్లు దిగేదాకా ఆయన మోచెయ్యి పట్టుకుని దించి వచ్చాడు.

తిరిగొచ్చేసరికి ఆమె బొమ్మ ముందు నేల మీద కూర్చుని ఉంది. తెల్లగా మిగిలిన ఆ చిన్న గుండ్రటి జాగా మీద వేలి కొసలు ఆనించి ఉన్నాయి.

“కారు ఇంకా కదల్లేదు” అన్నాడు ఫణీంద్ర. “పిలవనా?”

కింద కారు స్టార్ట్ అయింది. గేటు దాటి, బీచ్ రోడ్డు ఎక్కి, ఆ శబ్దం సముద్రం హోరులో కలిసిపోయేదాకా ఆమె వింది.

“వద్దు” అంది.